గ్రంథాలయములో విద్యార్థుల కొక అంతర్జాల పాఠశాల

(నాయుడుపేట గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసపు పాఠము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయక నడచుట సామాన్య విషయము కాదు. మిక్కిలి ఉత్సాహముతో ప్రారంభమై, రెండు మూడేండ్లలో బీరువాలకు తాళములు పడి, తుదకు ఆ తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో కూడ తెలియని గ్రంథాలయములు పల్లెలలో ఎన్నియో కలవు. మన గ్రంథాలయమునకు ఆ గతి పట్టలేదు. సాయంకాలమున దీపము వెలిగించి, వచ్చినవారి పేరు వ్రాసికొని, పుస్తకమిచ్చి, మరల పుచ్చుకొన్న చేతులు ఈ ఇరువదియైదేండ్లును ఉన్నవి గనుకనే నేడు ఈ ఉత్సవము జరుగుచున్నది. ముందుగా ఆ చేతులకు నా నమస్కారములు.

ఈ సభలో నన్ను మాటలాడుమన్న విషయము "విద్యార్థుల కొరకు అంతర్జాల విద్యానిర్వహణ వ్యవస్థను నెలకొల్పుట" అనునది. రజతోత్సవ జ్ఞాపకార్థము ఏమి చేయవలెనని కార్యవర్గమునందు చర్చ వచ్చినపుడు కొందరు ముఖద్వారమును, కొందరు క్రొత్త బీరువాలను, మరికొందరు ఈ వ్యవస్థను సూచించిరి. చందాల సొమ్ము మూడింటికిని చాలదు. కనుక ఇది విని ఊరకుండవలసిన విషయము కాదు. ఆలోచించి తీర్మానింపవలసిన విషయము.

నేను చెప్పదలచినది ఒక్కటే. దానిని ముందుగానే చెప్పెదను. యంత్రము పాఠమును దాచగలదు. పిల్లవాడు ఎచ్చట ఆగిపోయినాడో చూపగలదు. కాని ఆగిపోయినవాని ప్రక్కన కూర్చుండుటకు మనిషి కావలెను. అట్టి మనిషిని మనము ఏర్పరుపగలిగినచో ఈ పనికి పూనుకొనవలెను. ఏర్పరుపలేనిచో ముఖద్వారమే మేలు. అది కనీసము చూచుటకైన అందముగా నుండును.

ఇంతకును ఈ విద్యానిర్వహణ వ్యవస్థ యనగా నేమి? పేరు విని భయపడవలసిన పని లేదు. మన గ్రంథాలయములో మూడు లెక్కల పుస్తకములున్నవి. వచ్చిన ప్రతి పుస్తకమునకును సంఖ్య వేసి వ్రాసికొను రిజిస్టరు ఒకటి. ఏ పుస్తకము ఏ బీరువాలో నున్నదో చెప్పు సూచిక రెండవది. ఎవరు ఏ పుస్తకమును ఎన్నడు తీసికొనిరి, ఎన్నడు తెచ్చి ఇచ్చిరి అని వ్రాయు ఇష్యూ రిజిస్టరు మూడవది. ఈ మూడును లేని పుస్తకముల గదిని ఎవరును గ్రంథాలయమనరు. అది పుస్తకముల గోదాము మాత్రమే. అట్లే, పాఠములను వరుస తప్పక అమర్చి, ప్రతి విద్యార్థికిని తన పేరును సంకేతపదమును ఇచ్చి, వాడు ఏ పాఠము చదివినాడు, ఏ ప్రశ్నకు ఏమి సమాధానము వ్రాసినాడు, ఎచ్చట తప్పినాడు అని లెక్క యుంచి, ఆ లెక్కను ఉపాధ్యాయునికి చూపునట్టి ఏర్పాటునకే విద్యానిర్వహణ వ్యవస్థ యని పేరు. మన ఇష్యూ రిజిస్టరు పుస్తకము ఇంటికి పోయినదని మాత్రమే చెప్పును. ఈ రిజిస్టరు పాఠము తలకెక్కినదో లేదో కూడ కొంతవరకు చెప్పగలదు. భేదమంతయు అంతే.

ఈ భేదము ఎంతటిదో మనకు 2020వ సంవత్సరములో తెలిసివచ్చినది. ఆ ఏడు మార్చి నెలలో మహమ్మారి కారణమున బడులు మూతపడినవి. మన రాష్ట్రమున తొమ్మిది, పది తరగతుల పిల్లలు మరల బడిగడప త్రొక్కునప్పటికి నవంబరు మాసము వచ్చినది. నడుమ ప్రభుత్వమువారు దూరదర్శన్ సప్తగిరి ద్వారా "విద్యామృతం" అను పేర పదవ తరగతి వారికి పాఠములు వినిపించిరి. ఉపాధ్యాయులు చేతి ఫోనుల ద్వారా పాఠములను పంపిరి. వారి శ్రమను తక్కువచేసి మాటలాడుట న్యాయము కాదు. కాని జరిగినదేమి? ఇంటికి ఒక్క ఫోను. అది తండ్రితో కూడ పొలమునకో, రొయ్యల గుంటకో, మేనకూరు కర్మాగారమునకో పోవును. రాత్రి అది ఇల్లు చేరునప్పటికి పాఠములు, పెండ్లిపిలుపులు, వాన కబురులు, వేళాకోళపు బొమ్మలు అన్నియు ఒకే కుప్పగా పడియుండెడివి. ఆ కుప్పలో నిన్నటి పాఠమేదో, మొన్నటిదేదో పిల్లవానికి తెలియదు. వాడు చదివినాడో లేదో పంపిన ఉపాధ్యాయునికి తెలియదు. అన్నయు చెల్లెలును ఉన్న ఇంట ఫోను మొదట అన్న చేతికే పోయెడిదని వేరుగ చెప్పనక్కరలేదు. పాఠములు లేక కాదు. వరుసయు, లెక్కయు, అడుగువాడును లేక చదువు చెడినది.

దూరముననున్న పిల్లవానికి పాఠము పంపవలెనను ఆలోచన ఈనాటిది కాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పెట్టి ఊరూరికి పంపిరి. చదువరి పుస్తకమునొద్దకు రాలేనిచో పుస్తకమే చదువరి యొద్దకు పోవలెనని గ్రంథాలయోద్యమము ఆంధ్రదేశమునకు నేర్పిన పాఠమది. 1951లో ఆస్ట్రేలియా నడిబొడ్డుననున్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణములో, వందల మైళ్ళ దూరమున ఒంటరి పశువుల మందల చెంత పెరుగు పిల్లలకొరకు రేడియో బడిని పెట్టిరి. ఆ బడిలో పంతులుగారి మాట పిల్లవానికి వినబడుటయే కాదు, పిల్లవాని మాటయు పంతులుగారికి వినబడెడిది. ఈ రెండవ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దానితో మనకు ముందు పని యున్నది.

మన దేశములో 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఒక ఏడు అమెరికావారి ఉపగ్రహము ఒకటి ఎరువు తీసికొని, ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు దూరదర్శిని పాఠములను పంపిరి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1982లో మన రాష్ట్రముననే దేశమునకెల్ల మొదటిదైన సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడచుచున్నది. కళాశాలకు పోలేని ఉద్యోగులు, గృహిణులు ఎందరో ఇంటనుండియే పట్టభద్రులైరి.

పిమ్మట 2004వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీ. ఆనాడు మన పొరుగుననే యున్న శ్రీహరికోటనుండి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టుపై ఎడ్యుశాట్ అను ఉపగ్రహము ఆకాశమున కెగసినది. దాని బరువు 1,950 కిలోలు. కేవలము విద్య కొరకే మన దేశము పంపిన మొదటి ఉపగ్రహమది. శ్రీహరికోటలో రాకెట్టు లేచినపుడెల్ల మేడలమీదికెక్కి పొగచార చూచు అలవాటు మన ప్రాంతమువారికి కలదు. ఆనాడు పోయిన పొగచార మన పిల్లల బడి నిమిత్తమై పోయినదని ఎందరు గుర్తించిరో! ఆ ఉపగ్రహము 2010 వరకు పనిచేసి విరమించినది. దేశమునందు వేలకొలది తరగతి గదులకు పాఠములు చేర్చినది. కాని వానిలో తిరిగి ప్రశ్నించు ఏర్పాటుగల గదులు కొన్నియే. పాఠమును స్వీకరించుటకు మాత్రమే వీలైన గదులే ఎక్కువ. ఆకాశమునుండి పాఠము దిగివచ్చినది గాని పిల్లవాని సందేహము ఆకాశమునకు ఎక్కలేకపోయినది.

2008లో రాష్ట్రప్రభుత్వము పల్లెటూరి బడులలో చదివిన తెలివైన పిల్లలకొరకు నూజివీడు, బాసర, ఇడుపులపాయలలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును నెలకొల్పినది. పదవ తరగతి ముగించి వచ్చిన ప్రతి విద్యార్థికిని ఒక ల్యాప్‌టాపు ఇచ్చి, పాఠములను తెరపై చూపుచు, ప్రక్కన మార్గదర్శకులను నిలిపిరి. దాని మొదటి కులపతి రాజ్ రెడ్డిగారు. ఆయన 1937లో శ్రీకాళహస్తి ప్రాంతపు కాటూరు గ్రామములో జన్మించిరి. మన స్వర్ణముఖి ఒడ్డుననే యున్నది గదా శ్రీకాళహస్తి! ఆయన గిండీలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియాలోను అమెరికాలోను పై చదువులు సాగించి, యంత్రములకు మనుష్యుని మాట తెలియజేయు విద్యలో కృషిచేసి, 1994లో కంప్యూటరు శాస్త్రమునకు అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారమును పొందిరి. పది లక్షల పుస్తకములను కంప్యూటరులోని కెక్కించి లోకమున కెల్ల చదువుకొన నీయవలెనను గ్రంథాలయ ప్రయత్నమునకును ఆయనయే ముందు నిలిచిరి. అంతటి యంత్రవేత్త పెట్టిన బడిలో కూడ పిల్లల ప్రక్కన మార్గదర్శకుడు నిలువవలసి వచ్చినదని మనము గమనింపవలెను.

ఇక మనము ఏమి నెలకొల్పవలెను, ఎట్లు నెలకొల్పవలెను అను సంగతికి వచ్చెదను.

ఇట్టి వ్యవస్థలు లోకములో పెక్కు కలవు. మనవంటివారికి తగినది మూడుల్ అనునది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున మార్టిన్ డూగియామాస్ అనునాయన దీనిని తయారుచేసి 2002 ఆగస్టులో మొదటి కూర్పును లోకమునకు విడిచెను. ఆయన చిన్నతనము ఆ దేశపు ఎడారిలోనే గడచినది. ఇందాక నేను చెప్పినట్టి రేడియో బడిలోనే ఆయన ప్రాథమిక విద్య జరిగినది. పంతులుకు దూరముగా పెరిగిన పిల్లవాడు పెద్దవాడై, దూరముననున్న పిల్లలకొరకు చేసిన పనిముట్టు ఇది. దీనికి వెల లేదు. ఎవరైనను తెచ్చుకొనవచ్చును, తమకు తగినట్లు మార్చుకొనవచ్చును. దీనికి తెలుగు కూర్పును కలదు. అయితే ఒక మాట. ప్రోగ్రాము ఉచితమే గాని దానిని నడుపు యంత్రము, కరెంటు, మనిషి శ్రమ ఉచితములు కావు. దానముగా వచ్చిన ఆవునకైనను గడ్డి మనమే వేయవలెను గదా!

మొదట యంత్రము. పెద్ద కంప్యూటరు అక్కరలేదు. 2012 నుండి ఇంగ్లండు దేశమువారు రాస్ప్‌బెర్రీ పై అను అరచేతిలో ఇమడునంతటి చిన్న కంప్యూటరును అమ్ముచున్నారు. దానిపై మూడుల్‌ను ఎక్కించి, వై-ఫై ద్వారా ఒక గదిలోని పిల్లలకు పాఠములు అందించుటకు వీలున్నది. విశేషమేమనగా, ఈ పద్ధతిలో పాఠము చదువుటకు అంతర్జాలము కూడ అక్కరలేదు. యంత్రము మన బీరువా ప్రక్కన కూర్చుండి తన చుట్టునున్న ఫోనులకు, ట్యాబులకు పాఠములను తానే పంచును. తీగ తెగినను, టవరు పడినను మన బడి ఆగదు. మన యొద్ద నిలదొక్కుకొన్న పిమ్మట దానినే అంతర్జాలములో పెట్టి ఇంటినుండియు చదువుకొనునట్లు చేయవచ్చును. కరెంటు పోయినపుడు నడుచుటకు ఒక బ్యాటరీ మాత్రము తప్పనిసరి.

పిల్లలయొద్ద పరికరము లేవీ యని అడుగుదురేమో. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును వారి ఉపాధ్యాయులకును కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచినది. వానిలో కొన్ని ఇప్పటికిని ఇండ్లలో మూలపడియుండును. పనిచేయువానిని గ్రంథాలయమునకు ఇచ్చినచో మరియొక పిల్లవానికి పనికివచ్చును. చదివిన పుస్తకమును గ్రంథాలయమునకు ఇచ్చుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

రెండవది పాఠము. ఇచ్చట చాల జాగ్రత్త కావలెను. ఒక్కసారిగా అన్ని తరగతులు, అన్ని విషయములు పెట్టుదమనుకొన్నచో ఏదియు నిలువదు. మొదటి సంవత్సరము ఒకే తరగతి, ఒకే విషయము చాలును. పదవ తరగతి గణితమును తీసికొందము. పల్లెటూరి పిల్లవాని చదువునకు అడ్డుపడు కంచె చాలవరకు అదియే.

ఒక ఉదాహరణము చూడుడు. వర్గసమీకరణము చేయలేక ఒక పిల్లవాడు తప్పినాడు. వానికి వర్గసమీకరణము రాదని మనము అందుము. మరల అదే పాఠము చెప్పుదుము. మరల వాడు తప్పును. నిజమునకు వానికి రానిది వర్గసమీకరణము కాకపోవచ్చును. రెండు ఋణసంఖ్యలను గుణించినచో ధనసంఖ్య వచ్చునను సంగతి చిన్న తరగతిలోనే వానికి పట్టుబడలేదు. నాలుగేండ్ల క్రింద పడిన గుంటలో వాడు నేడు కూలినాడు. నలువదిమంది ఉన్న తరగతిలో ఎవరి గుంట ఎక్కడనున్నదో వెదకుటకు పంతులుగారికి తీరిక యుండదు. ఈ వ్యవస్థకు ఆ తీరిక కలదు. పది నిమిషముల పాఠము, దాని వెంట ఐదు ప్రశ్నలు. సమాధానము తప్పినచో ఎందుకు తప్పినదో ఒక్క వాక్యము. సరిగా చెప్పినగాని తరువాతి పాఠము తెరువబడకుండ కట్టడి చేయవచ్చును. పిల్లవాడు ఎన్నిసార్లు తప్పినను యంత్రము విసుగుకొనదు, నలుగురిలో నవ్వదు. రాత్రికి ఉపాధ్యాయుడు లెక్క చూచుకొన్నచో ముప్పదిమందిలో పదునెనిమిదిమంది ఒకే ప్రశ్నయొద్ద ఆగిరని తెలియును. మరునాటి సాయంకాలము ఆ పదునెనిమిదిమందిని కూర్చుండబెట్టి ఆ ఒక్క సంగతి చెప్పినచో చాలును. యంత్రము చేయగలిగిన మేలు ఇది. దానిని పూర్తిచేయువాడు మనిషి.

పాఠములన్నియు మనమే వ్రాయనక్కరలేదు. 2017 సెప్టెంబరు 5వ తేదీన, ఉపాధ్యాయ దినోత్సవమునాడు, నెల్లూరు జిల్లావారైన ముప్పవరపు వెంకయ్యనాయుడుగారు ఉపరాష్ట్రపతి హోదాలో దీక్ష అను జాతీయ విద్యావేదికను ప్రారంభించిరి. పాఠ్యపుస్తకములలో నలుచదరపు చుక్కల ముద్ర ఒకటి యుండుట మీరు చూచియుందురు. ఫోనుతో దానిని చూచినచో దీక్షలోని పాఠము తెరువబడును. అదే ఏడు జూలైలో పెద్ద చదువులకొరకు స్వయం అను వేదికయు వచ్చినది. ఇవి మహాసముద్రములు. సముద్రమున్నదని ఊరి చెరువును పూడ్చుకొనము గదా! దీక్షలోని మంచి పాఠములను మన వరుసలో చేర్చుకొని, మన పిల్లల తప్పులకు తగిన ప్రశ్నలను మన ఉపాధ్యాయులు వ్రాసినచో చాలును.

ప్రశ్నలు వ్రాయువారికి ఒక చిన్న హెచ్చరిక. తెలుగు అక్షరములకు 1991 నుండియే యూనికోడ్ అను లోకవ్యాప్తమైన సంకేతము కలదు. కాని మన ముద్రణాలయములలో చాలకాలము వేరు వేరు అక్షరముల పద్ధతులు నడచినవి. అట్లు కూర్చిన ప్రశ్నపత్రమును నేరుగా దీనిలో వేసినచో అక్షరములు గుర్తుపట్టరానివై పోవును. కనుక మొదటినుండియు యూనికోడ్‌లోనే వ్రాయవలెను.

మూడవది, దాచుకొనుట. వారమున కొకసారి మొత్తము వ్యవస్థకు నకలు తీసి, దానిని గ్రంథాలయములో గాక వేరొక ఇంట మేడమీద ఉంచవలెను. 2015 నవంబరు వానలలో నెల్లూరు సీమ ఎట్లు మునిగినదో మీరెరుగుదురు. పూర్వము తాటాకు గ్రంథములు శిథిలము కాకమునుపే క్రొత్త ఆకులపైకి ఎత్తి వ్రాసెడివారు. అట్లు వ్రాసిన గ్రంథములే మనకు దక్కినవి. పని అదియే, ఆకు మారినది.

నాలుగవది నియమములు. పిల్లలవి గదాయని అజాగ్రత్త పనికిరాదు. ఏ పిల్లవాడు ఎన్ని మార్కులు తెచ్చుకొన్నాడు, ఎన్నిసార్లు తప్పినాడు అను సంగతి వానికిని, వాని తల్లిదండ్రులకును, వాని ఉపాధ్యాయునికిని తప్ప మరెవ్వరికిని తెలియరాదు. నోటీసుబోర్డుపై పెట్టరాదు. 2023 ఆగస్టులో పార్లమెంటు వ్యక్తిగత వివరముల రక్షణకు ఒక చట్టము చేసినది. పదునెనిమిది సంవత్సరములు నిండనివారి వివరములను తీసికొనుటకు తల్లిదండ్రుల అనుమతి ఉండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. చట్టము లేకున్నను మనము ఆ పని చేయవలసినదే. పిల్లల పేర్లు, ఫోను సంఖ్యలు ఏ వ్యాపారి చేతికిని పోరాదు. వ్యవస్థ మన యొద్దనే, మన పెట్టెలోనే ఉండుటవలన గల పెద్ద లాభమిది.

ఇప్పుడు కొన్ని ఆక్షేపణలు. "బడులున్నవి, బడిలో చేయవలసినదానిని గ్రంథాలయమేల చేయవలెను?" అని కొందరు పెద్దలు అడిగిరి. మంచి ప్రశ్నయే. బడికి పోవు పిల్లవానికి బడి యున్నది. పదవ తరగతిలో ఒక్క విషయములో తప్పి, సిగ్గుపడి, బడి ముఖము చూడక కూలికి పోవు పిల్లవానికి ఏమున్నది? నడుమనే చదువు మాన్పించి ఇంట కూర్చుండబెట్టిన ఆడపిల్లకు ఏమున్నది? పులికాటు ఒడ్డున వలసపోవు కుటుంబముల పిల్లలకు, యానాది వాడలలోని పిల్లలకు ఏమున్నది? యానాదుల మేలుకొరకు వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితము ధారవోసిన సీమ మనది. బడి హాజరుపట్టీలో పేరు కొట్టివేయబడినవారికి గ్రంథాలయమునందు పేరు ఉండవచ్చును. గ్రంథాలయము వయస్సు అడుగదు, తరగతి అడుగదు, తప్పినావా నెగ్గినావా అని అడుగదు. ఈ వ్యవస్థను గ్రంథాలయములో పెట్టవలెననుటకు ఇంతకంటె బలమైన కారణము నాకు కనబడదు.

"తెర వచ్చినచో పిల్లలు పుస్తకము ముట్టరు" అని మరియొక ఆక్షేపణ. భయము న్యాయమైనదే. దీనికి మందు మనచేతిలోనే యున్నది. ప్రతి పాఠము చివరను, ఆ విషయముపై మన గ్రంథాలయములో ఏ పుస్తకమున్నదో, ఏ బీరువాలో ఏ సంఖ్యతో నున్నదో వ్రాయుదము. నేలపట్టునకు గూడబాతులు ఎందుకు వచ్చుచున్నవను పాఠము చదివిన పిల్లవాడు లేచి నాలుగడుగులు వేసి పక్షుల పుస్తకము తీసికొనవలెను. తెర పుస్తకమునకు దారి చూపవలెను గాని దారికి అడ్డము నిలువరాదు. గంటకు మించి ఏ పిల్లవానినీ తెరయెదుట ఉంచరాదని నియమము కూడ పెట్టుకొందము.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె కఠినమైనది: "మొదటి ఏడు అందరు వచ్చెదరు, రెండవ ఏడు దుమ్ము పట్టును." ఇది ఆక్షేపణ కాదు, అనుభవము. దేశములో ఎన్నో కంప్యూటరు గదులు యంత్రము చెడి మూతపడలేదు. యంత్రమును చూచు మనిషి లేక మూతపడినవి. అందుచేత నేను మొదట చెప్పిన మాటకే మరల వచ్చుచున్నాను. యంత్రమునకు ఎంత సొమ్ము కేటాయింతుమో, అంతకు తక్కువకాని మొత్తమును ఆ గదిలో ప్రతి సాయంకాలము కూర్చుండు ఒక యువకునికో యువతికో గౌరవవేతనముగా కేటాయింపవలెను. కంప్యూటరు విద్యలో పండితుడు కానక్కరలేదు. పిల్లవాని ముఖము చూచి వీనికి అర్థము కాలేదని కనిపెట్టగలవాడు కావలెను. సంకేతపదము మరచిన పిల్లకు విసుగుకొనక మరల ఇవ్వగలవాడు కావలెను. రెండు దినములు రాని పిల్లవాని ఇంటికి పోయి ఎందుకు రాలేదని అడుగగలవాడు కావలెను.

గణితము చెప్పువా రెవరందురా? మన ఊరి పిల్లలు చదువుకొని చెన్నపట్టణములో, బెంగుళూరులో, శ్రీసిటీలో, సముద్రములు దాటి అమెరికాలో ఉద్యోగములు చేయుచున్నారు. పండుగకు వచ్చినపుడు ఊరికి ఏమైన చేయవలెనని అడుగుచున్నారు. ముఖద్వారముపై పేరు చెక్కించుటకంటె వారానికి ఒక గంట ఇచ్చుట మంచి చందా యని వారికి చెప్పుడు. వారు ఎచ్చటనున్నను, పిల్లలు వ్రాసిన సమాధానములను చూచి దిద్దవచ్చును. సందేహమునకు తీరికవేళ సమాధానము వ్రాయవచ్చును. ఎడ్యుశాట్ కాలములో ఆకాశమున కెక్కలేకపోయిన సందేహము నేడు అమెరికాలోనున్న మన ఊరివాని యొద్దకు క్షణములో పోగలదు. ఆ అవకాశమును వదులుకొనుట తెలివి కాదు.

ఇక తీర్మానమునకు నా సూచనలు నాలుగు. ఒకటి: వచ్చు విద్యాసంవత్సరమునకు పదవ తరగతి గణితము ఒక్కదానితో, ముప్పదిమందికి మించకుండ ప్రారంభింపవలెను. ఆ ముప్పదిలో పదిమందియైనను బడి మానినవారై యుండవలెను. రెండు: సాయంకాలపు వేళలలో కొన్ని ఆడపిల్లలకు ప్రత్యేకముగా ఉంచి, చీకటి పడకముందే వారు ఇల్లు చేరునట్లు చూడవలెను. మూడు: గౌరవవేతనమునకు రెండు సంవత్సరముల సొమ్ము బ్యాంకులో వేసినపిమ్మటనే యంత్రము కొనవలెను. నాలుగు: ఏడాది ముగిసినపుడు ఎందరు పేరు వ్రాయించుకొనిరి అని లెక్క చెప్పుకొని సంతోషింపరాదు, ఆగిపోయినవారిలో ఎందరు ముందుకు కదలిరి అని సర్వసభ్య సమావేశములో చెప్పవలెను. ఆ లెక్క సంతృప్తికరముగా లేనిచో రెండవ ఏడు విస్తరింపరాదు, లోపమేదో చూచి దిద్దుకొనవలెను.

ఈ నాలుగింటిలో మూడవది మీకు కఠినముగా తోచవచ్చును. కాని ఇరువదియైదేండ్లు గ్రంథాలయమును నిలిపినది బీరువాలు కావు. బీరువాలు మూతపడిన గ్రంథాలయములలోను ఉన్నవి. నిలిపినది వేళకు వచ్చి తలుపు తీసిన మనిషి. క్రొత్త పనికిని అట్టి మనిషినే మొదట వెదకుదము. కార్యవర్గమువారు రేపటి సమావేశములో ఈ విషయమును చర్చింతురు. చందాదారులలో ఎవరికైన అంగీకారము లేనిచో ఆ సమావేశమునకు వచ్చి నిర్మొగమాటముగా చెప్పవలెనని కోరుచున్నాను. అంగీకరించువారు మాత్రము చప్పట్లతో సరిపెట్టుకొనక, తాము ఇవ్వగల సొమ్మో, ట్యాబో, వారానికొక గంటయో కాగితముపై వ్రాసి గ్రంథపాలకునికి ఇచ్చిపోవలెను.